ఘారాపురి గుహలో చూపు

శిల్పదర్శనము సంగీతశ్రవణమువలె అభ్యాసముచేతనే పట్టుబడు విద్యయని ముంబయి రేవులోని ఘారాపురి ద్వీపమునకు, అనగా లోకమెల్ల ఎలిఫెంటా యని పిలుచు చోటికి, పోయినపుడెల్ల నాకు తోచుచుండును. గేట్‌వే ఆఫ్ ఇండియాకడ లాంచీ యెక్కి, లంగరు వేసిన ఓడలను చూచుచు పోయినచో 10 కిలోమీటర్ల ఆ దూరము సుమారొక గంటలో గడచిపోవును. ఆవలి రేవున చిన్న రైలుబండి, పిదప మెట్లు, మెట్లకిరువైపుల పూసలదండల దుకాణములు, అదను చూచి చేతిలోని సీసాను లాగుకొనిపోవు కోతులు; ఇవన్నియు దాటి గుహ చేరునప్పటికి యాత్రికునకు తిరుగుపడవ వేళ గుర్తుకు వచ్చును, అచటినుండి పరుగు మొదలగును.

పరుగెత్తువానికి ఆ గుహ ఏమియు చూపదు. క్రీస్తుశకము ఆరవ శతాబ్ది నడుమ, బహుశః కలచూరి రాజుల కాలమున, నల్లరాతి కొండను తొలిచి రూపొందించిన యీ మందిరమునకు ఉత్తరమున, తూర్పున, పడమట మాత్రమే తెరపి గలదు. కావున వెలుగు స్తంభముల నడుమ నలిగి నలిగి దక్షిణపు గోడలోని సదాశివుని చేరుసరికి చాలవరకు మెత్తబడి యుండును. బయటి యెండనుండి వచ్చిన కంటికి ఆ 18 అడుగుల మూర్తి మొదట ఒక నల్లని రాశి. ఒక స్తంభము మొదట కుదురుగా కూర్చున్నచో, ముందు నడిమి ముఖపు నిండు పెదవి, పిదప అరమోడ్పు కనులు, చేతిలోని మాదీఫలము తేరుకొనును. మన యెడమవైపున మీసము, ముడివడిన కనుబొమలు, పట్టిన పాముతో అఘోరుడు, కుడివైపున తామరపూవు చేబూనిన సుకుమార వదనము ఆ తరువాతనే విడివడి కనబడును. బ్రహ్మవిష్ణుమహేశ్వరులని అచట వినబడు మాట సరికాదు. మూడును శివుని ముఖములే. ఫోనుతో మెరుపు మెరిపించినవారికి ఈ క్రమమంతయు దక్కదు. ఎదురుగా పడిన ఆ కాంతికి నీడలు చచ్చి, శిల్పము గోడకు అంటించిన పటమగును.

నేను ఒక్కొక్కసారి ఒక్క ఫలకమునే ఎంచుకొందును. పార్వతీకల్యాణ ఫలకమున పెండ్లికూతురు శివునకు కుడివైపున నిలిచి, తల వంచి, చేయి అందించుచున్నది. మన పెండ్లి పీటలను ఎరిగినవారికి ఆమె ఇంకను వామభాగమునకు చేరలేదని ఎవరును చెప్పనక్కరలేదు. ఫలకపు క్రిందిభాగము చాలవరకు శిథిలము. అయినను ఆ వంచిన మెడలోని బిడియమునకు కొరత లేదు.

1534 తరువాత ఈ ప్రాంతము పోర్చుగీసువారి వశమైనది. ఇచటి శాసనమును ఊడదీసి తమ రాజునకు పంపిరని వారి చరిత్రకారుడు దియొగు దు కూతు వ్రాసినాడు. అది మరల దొరకలేదు. కట్టించినవారి పేరు కలచూరులయొద్ద ఊహగా నిలిచిపోవుటకు ఈ అపహరణమును ఒక హేతువు. ద్వీపమునకు పోర్చుగీసువారు ఎలిఫెంటా యను పేరు పెట్టుటకు కారణమైన రాతియేనుగును 1864లో ఆంగ్లేయులు తరలింపబోగా తాళ్లయంత్రము విరిగి అది ముక్కలయ్యెను. అతుకులతో నేడు బైకుల్లా ఉద్యానమున నున్నది. 1987లో యునెస్కో వారసత్వ జాబితా కెక్కిన యీ ద్వీపపు పల్లెలకు, ఎదుట మహానగరము రాత్రియెల్ల వెలుగుచుండగా, సముద్రగర్భపు తీగలద్వారా విద్యుత్తు వచ్చినది 2018లోనే.

పోదలచినవారు ఉదయపు మొదటి పడవ పట్టుకొనుట మేలు. మధ్యాహ్నమునకు బడిపిల్లల సందడి నిండును. సోమవారము మాత్రము పోరాదు. శివునకు ప్రీతియైన ఆ దినముననే గుహలకు సెలవు నిర్ణయించినవా రెవరో గాని, స్వామికి వారమున కొకనాడైనను విశ్రాంతి యుండవలెనని తలచియుందురు.