ఆంధ్రనాయక శతకం: బదులు రాని మొరలో విశ్వాసం

కంచెర్ల గోపన్న కథలో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు పైకం చెల్లిస్తారు. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో అనాదరానికి గురైన ఆంధ్రమహావిష్ణువు ఆలయం, కాసుల పురుషోత్తమకవి శతకం తరువాత తిరిగి వైభవం పొందిందని ఐతిహ్యం. రెండు కథల్లోనూ మొరకు బదులు దొరికింది. అందువల్ల పాఠకుడు ఫలితం ముందే తెలిసినవాడుగా ఆ రచనలను చదువుతాడు. గోల్కొండ చెరలోని గోపన్నకు గానీ, పెదప్రోలు కవికి గానీ ఆ సౌకర్యం లేదు.

ఆంధ్రనాయక శతకాన్ని వ్యాజస్తుతికి ఉదాహరణగా చూపి ఊరుకోవడం కూడా ఇటువంటిదే. నింద కేవలం నెపం, స్తుతే అసలు అనుకుంటే కవి ఫిర్యాదుకు బరువుండదు. అలంకారం పేరు చెప్పి బాధను కొట్టివేయడం సమంజసం కాదు.

శతకంలో ప్రసిద్ధమైన ఒక సీసాన్నే చూడవచ్చు. లోకభారం మోసేది భార్య భూదేవి, కోరికలు తీర్చేది మరో భార్య లక్ష్మి. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ. స్వామి బిరుదులన్నీ ఆలుబిడ్డలు తెచ్చిపెట్టినవే. ఆయన మాత్రం మొదటినుంచీ దామోదరుడే! పొట్టకు తాడు తప్ప మరేమీ లేని నిరుపేద అని ఇక్కడి చమత్కారం. వ్యాఖ్యానం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. కానీ ఆ తాడు యశోద కట్టినది. సమర్థుల జాబితా నుంచి దైవాన్ని తొలగించిన కవి, చివరకు ప్రేమకు కట్టుబడినవాడి పేరుతోనే పిలిచాడు. చేతకానివాడన్న నింద, కట్టివేయదగినవాడన్న నమ్మకం ఒకే శబ్దంలో ఉన్నాయి. ఒకటి నెపం, మరొకటి నిజం అని విడదీయడానికి పద్యం అవకాశమివ్వదు.

రామదాసు మార్గం వేరు. ఎవరెవరికి ఏ నగ చేయించినదీ లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని నిలదీసి, అదే కీర్తనలో దెబ్బల బాధ తాళలేక తిట్టానని క్షమాపణ వేడుకుంటాడు. కోపం వచ్చి పోయిన క్రమం అక్కడ వినబడుతుంది. పై సీసంలో అటువంటి వెనుకడుగు కనిపించదు. ఎత్తిపొడుపు ముగిసిన వెంటనే మకుటం వస్తుంది. అందులో స్వామికి కవి వాడిన సంబోధనల్లో ‘దాక్షిణ్యభావ’ ఒకటి. దాక్షిణ్యం కనబడలేదన్నదే ఫిర్యాదు అయినప్పటికీ, ప్రతి పద్యం చివరా ఆ పిలుపు మారలేదు.