ఎవరి దయాదాక్షిణ్యాల మీద?

ఇంగ్లిష్ వార్తల్లో ‘ప్రికేరియస్’ అన్న మాట ఈమధ్య తరచూ కనబడుతోంది. కూటమి ప్రభుత్వం పరిస్థితి ప్రికేరియస్, కాల్పుల విరమణ ప్రికేరియస్, వలస కూలీల ఉపాధి ప్రికేరియస్, కొండ అంచున వేలాడుతున్న బస్సూ ప్రికేరియస్సే. డెస్కులో కూర్చుని వీటిని తెలుగు చేసేవాళ్లం చేతికందిన మాట వేసి పంపేస్తుంటాం: అనిశ్చితం, డోలాయమానం, ప్రమాదకరం. వాక్యం కుదురుతుంది, పేజీ వెళ్లిపోతుంది. ఆ మాట మోసుకొచ్చిన అసలు సంగతి మాత్రం చాలాసార్లు పాఠకుడికి చేరదు. అనువాదం నా వృత్తి. అందుకే ఆ చేరని సంగతి గురించి ఈ వారం రాస్తున్నాను.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. వేడుకోలు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రోమన్ న్యాయశాస్త్రంలో ‘ప్రికేరియం’ అని ఒక ఏర్పాటు ఉండేది. ఒకడు వచ్చి బతిమాలుకుంటాడు. ఆసామి కనికరించి తన భూమినో వస్తువునో వాడుకోనిస్తాడు. కౌలు లేదు, పూచీ లేదు. ఇచ్చినవాడు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు వదిలేసి పోవాలి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరింపజేసిన ‘డైజెస్ట్’లో దీనికోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. భూమిలో ఉన్నవాడిని మూడోవాడెవడైనా వెళ్లగొడితే చట్టం అడ్డుపడుతుంది. ఇచ్చినవాడే వెళ్లగొడితే నోరెత్తదు. లోకమంతటి నుంచీ రక్షణ ఉంది, ఒక్కడి నుంచి లేదు. బతుకంతా ఆ ఒక్కడి చేతిలోనే ఉంది.

1755లో ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్‌కు ఈ మాట మీద పట్టింపు ఎక్కువ. జనం దీన్ని వాడినంత అడ్డదిడ్డంగా మరే మాటనూ వాడటం లేదని నిఘంటువులోనే వాపోయాడు. వాతావరణాన్నీ పాచికలనూ కూడా ప్రికేరియస్ అంటున్నారనీ, ఇతరుల మీద ఆధారపడటం వల్ల కలిగే అనిశ్చితికే ఆ మాట చెల్లుతుందనీ ఆయన వాదన. వాడుక ఆయన మాట వినలేదు. ఇవాళ ఎప్పుడు కూలుతుందో తెలియని ప్రతిదానికీ అదే మాట.

భూకంపాల శాస్త్రవేత్తలు కూడా అలాగే వాడుకుంటున్నారు. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్రూన్ 1990లలో అమెరికా ఎడారి ప్రాంతాల్లో, చిన్న ఆనిక మీద నిలబడి ఉన్న బండరాళ్లను పరిశీలించాడు. తోస్తే పడేట్టున్న రాయి వేల ఏళ్లుగా పడలేదంటే, అన్నేళ్లూ అక్కడ భూమి గట్టిగా కంపించలేదన్నమాట. అలాంటివాటికి ప్రికేరియస్ రాళ్లనే పేరు స్థిరపడింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్‌ను చూసినవాళ్లకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది. రాయి నిలబడటంలో ఎవరి అనుగ్రహమూ లేదు. ఉన్నవల్లా బరువు, ఆనిక, భూమి కదలిక. అక్కడ ‘పడిపోయేట్టున్న’ అని రాస్తే చాలు. జాన్సన్ ఒప్పుకోకపోయినా ఆ వాడుకతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మనుషుల గురించి రాసేటప్పుడే. తెలుగులో నుడికారానికి కొదవ లేదు గానీ ప్రతిదానికీ దాని చోటు ఉంది. ‘కత్తి మీద సాము’లో చేసేవాడి నేర్పు ఉంది. మెజారిటీ చాలని ముఖ్యమంత్రికి అది నప్పుతుంది, అడ్డా కూలీకి నప్పదు. ‘దినదిన గండం’ శిథిలమైన వంతెనకు సరిపోతుంది. ‘గాలిలో దీపం’ బాగా దగ్గరకొస్తుంది గానీ అందులో ఆర్పేది గాలి. గాలికి పేరు లేదు, బాధ్యత లేదు. ‘వలస కూలీల బతుకు గాలిలో దీపం’ అని రాసినప్పుడు, ఆ దీపాన్ని ఆర్పగలిగిన కాంట్రాక్టరు వాక్యంలోంచి చల్లగా తప్పుకుంటాడు. లాటిన్ మాటలోని ఆ ఇచ్చేవాణ్ని పట్టి ఉంచే పలుకుబడి మన దగ్గరా ఉంది: ఒకరి దయాదాక్షిణ్యాల మీద బతకడం. అది రాయగానే, ఆ ఒకరెవరో చెప్పక తప్పదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో కౌలు రైతు దగ్గర తెలుస్తుంది. గోదావరి జిల్లాల్లో కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. రోమన్ ఆసామి ఉత్తపుణ్యానికి ఇచ్చేవాడు. మన కౌలు రైతు ఎకరానికి ఇన్ని బస్తాలని కొలిచి ఇస్తాడు, కొన్నిచోట్ల ముందే డబ్బు కడతాడు. అయినా వచ్చే ఏడు ఆ చేను తన దగ్గర ఉంటుందని నమ్మకం లేదు. అందుకే చెరువు మట్టి తోలించడానికి వెనకాడతాడు. మట్టి సత్తువ కొన్నేళ్లు నిలుస్తుంది, చేను మాత్రం ఈ ఏడాదికే. గట్లు వేయించాలన్నా, పల్లపు చేను మెరక చేయించాలన్నా ఇదే లెక్క. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తామంది. ఆ ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది, కౌలుదారుకు అందలేదు. ఇదంతా ‘కౌలు రైతుల అనిశ్చిత జీవితాలు’ అన్న శీర్షికలో పెడితే, వాన గురించీ తెగులు గురించీ ఉండే దిగులులో ఇదీ కలిసిపోతుంది. వాన ఆసామికీ కౌలుదారుకీ ఒకేలా కురుస్తుంది. సంతకం మాత్రం ఒకరి చేతిలోనే ఉంది.

నగరాల్లో ఇలాంటి బతుకులకు గై స్టాండింగ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 2011లో రాసిన పుస్తకంతో ‘ప్రికేరియట్’ అన్న పేరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మన డెలివరీ కుర్రాళ్లకు ఆ పేరు అక్కర్లేదు, ‘ఐడీ బ్లాకయింది’ అంటారు. పొద్దున ఫోన్ తెరిస్తే యాప్ లోపలికి రానివ్వదు. బండి వాయిదా ఆగదు. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికులు ఎవరో నిర్వచించింది, 2023లో రాజస్థాన్ వాళ్లకోసం ప్రత్యేక చట్టం చేసింది. ఐడీ ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్నవాటికి జవాబు దొరికితే తప్ప, ఆ కుర్రాడి సంగతి రోమన్ భూమిలో ఉన్నవాడి సంగతే.

కాబట్టి డెస్కులో నేను పాటించేది ఇదీ. ప్రికేరియస్ ఎదురైనప్పుడు సమానార్థకం వెతకడానికి ముందు, ఆ వార్తలో ఇచ్చేదెవరో, లాక్కోగలిగేదెవరో చూస్తాను. ఎవరూ లేకపోతే ప్రమాదకరమనో కూలిపోయేట్టుందనో రాస్తాను. ఎవరైనా ఉంటే, ఆ ఒక్క విశేషణాన్ని వదిలేసి పూర్తి వాక్యం రాస్తాను: భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు వస్తుంది, కంపెనీ తెరిస్తేనే ఐడీ తెరుచుకుంటుంది. నాలుగు మాటలు ఎక్కువవుతాయి, శీర్షిక రెండు వరసలవుతుంది. కానివ్వండి. ఆపద సంగతి మాత్రమే చెప్పి ఊరుకుంటే పాఠకుడు అయ్యో అనుకుంటాడు. దాన్ని ఆపగలిగినవాళ్లెవరో కూడా చెబితే, ఎందుకు ఆపడం లేదని అడగగలుగుతాడు. అలా అడిగే వీలు కల్పించడమే వార్త రాసేవాళ్ల పని.