మూడవ దొంగతనము

దండనము అపరాధమునకు తగియుండవలెనని ఒప్పుకొనని శాసనకర్త లేడు. అయినను పలుమారు తప్పు చేసినవాని విషయమున ఈ సూత్రము తరచుగా మరువబడుచున్నది. దేశకాలములను, అపరాధి శక్తిని, అపరాధ స్వరూపమును విచారించి దండింపవలెనని మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయము రాజునకు బోధించుచున్నది. ఆ గ్రంథమే తొమ్మిదవ యధ్యాయమున, ముడి కోసి సొమ్ము కాజేయువానికి మొదటిమారు వ్రేళ్లను, రెండవమారు కాలుసేతులను నరికించి, మూడవమారు ప్రాణమే తీయుమని విధించినది. ముడిలో నున్నది రూకయో వరహాయో అను విచారణ అచ్చట లేదు.

ఇది ప్రాచీనుల క్రౌర్యమని త్రోసివేయుటకు వీలులేదు. బంతియాటలో మూడుమారులు గురితప్పినవాడు వెలుపలికి పోవలసిన నియమమును పోలిన శాసనమును అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1994లో చేసినది. 2000లో యూయింగు అనువాడు ఒక దుకాణమునుండి మూడు గోల్ఫు కర్రలను లాగులో దాచి కొనిపోయెను. ఒక్కొక్కదాని వెల 399 డాలర్లు. పూర్వము దోపిడికిని, కన్నపు దొంగతనములకును శిక్ష పొందినవాడగుటచే వానికి కనీసము 25 సంవత్సరములు మొదలు యావజ్జీవము వరకు కారాగారవాసము విధింపబడెను. అమెరికా అత్యున్నత న్యాయస్థానము 2003లో ఐదుగురు న్యాయమూర్తుల బలముతో, నలుగురి అసమ్మతిని కాదని, ఈ శిక్షను స్థిరపరచినది.

కర్రలను మాత్రమే గాక వాని పూర్వచరిత్రను కూడ త్రాసులో వేయవలెననియు, ప్రజారక్షణకై శాసనసభ చేసిన నిర్ణయమును మన్నింపవలెననియు ఓకానర్ న్యాయమూర్తి వాదము. ఇందు కొంత సత్యము గలదు. హెచ్చరికలను పెడచెవిని బెట్టినవాడును, మొదటిమారు కాలుజారినవాడును సమానులు కారు. కాని పాత నేరములకు వాడు అదివరకే శిక్ష ననుభవించెను. చెల్లువేసిన పత్రముపై మరల బాకీ వసూలు చేయుట న్యాయమగునా? వానిని బంధించి యుంచుటయే ఉద్దేశమైనచో అనురూపతకు అర్థమే లేదని స్కాలియా న్యాయమూర్తి తన ప్రత్యేకాభిప్రాయమున దాచక చెప్పెను. అట్లయినచో వాడు చెరలో నుండుట చేసిన పనికి గాదు, చేయునేమో అను భయమునకు. గోల్ఫు కర్రలు నెపమాత్రములు. కాలిఫోర్నియా ప్రజలే 2012లో ఓటుచేసి, మూడవ నేరము సాధారణముగా ఘోరమైనదో హింసాత్మకమైనదో అయిననే ఈ శిక్ష వర్తించునట్లు సవరించిరి.

మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 75వ సెక్షనే, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 13వ సెక్షనై నిలిచినది. సామాన్యమైన దొంగతనమునకు మొదట మూడేండ్లు, మరల చేసిన ఐదేండ్లు గరిష్ఠమని 303వ సెక్షను చెప్పుచుండగా, 13వ సెక్షను అట్టి పునరపరాధికి పదేండ్లనో యావజ్జీవమునో అనుమతించుచున్నది. కనీసశిక్షను నిర్బంధింపకుండుట దీని సుగుణము. అయినను ఐదేండ్లకును యావజ్జీవమునకును నడుమ మెట్లెవ్వి? ఎంత సొమ్ము పోయినది, ఎవరికైన దెబ్బ తగిలినదా, పూర్వపు శిక్షకు ఎన్నాళ్లైనది అను ప్రశ్నలలో ఒక్కటియు ఆ సెక్షనులో లేదు. న్యాయాధిపతి వివేకమే దిక్కు. మంచి వకీలును పెట్టుకొనలేని బీదవానికి ఆ దిక్కును దూరమే.

పునరావృత్తి శిక్షను పెంచవచ్చును. ఆ పెంపునకు మాత్రము క్రొత్త యపరాధమే కొలబద్ద కావలెను. పూర్వచరిత్ర ఆ కొలతకు లోబడి యుండవలెను. ఈ మేరకు 13వ సెక్షనునకు మెట్లు కట్టుట మన శాసనసభ్యుల కర్తవ్యము.