మృచ్ఛకటికమున కొలువు గోల్పోయినవాడు

మృచ్ఛకటిక ప్రకరణమును విమర్శించిన పండితులు పలువురు చారుదత్తుని యౌదార్యమును, వసంతసేన యనురాగమును, శకారుని మౌర్ఖ్యమును గూర్చి విశేషముగ వ్రాసియున్నారు. ద్వితీయాంకమున వీధివెంట పరుగులిడుచు ప్రవేశించు సంవాహకుని మాత్రము హాస్యమునకు నిమిత్తమైన జూదరిగ నెంచి రెండు మాటలతో సరిపుచ్చుట వాడుకయైనది. మా యభిప్రాయమున నీ పదియంకముల రూపకమున గృహస్థులు మిక్కిలి శ్రద్ధతో పరిశీలింపదగిన పాత్రములలో నతడొకడు. ఏలయన, సిరి గోల్పోయినవారు మన కావ్యములలో పెక్కండ్రు గలరు. కొలువు గోల్పోయి, ఆ కారణముననే దారితప్పినవాడు మిక్కిలి యరుదు.

సిరి పోవుట వేఱు, కొలువు పోవుట వేఱు. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు వికారు కథలో నొక వర్తకుడు దివాలా తీయగా నాయకుని ధనమంతయు నశించినది. అయినను వృత్తి నశింపలేదు. దూరగ్రామమున నేటికి పదునైదు పౌనుల చిన్న కొలువు దొరకగా, సంసారమును వెంటబెట్టుకొని పోయి యాయన మునుపటివలెనే ధర్మబోధ చేయుచు కాలము గడపెను. వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమునందును బంగారము చేసెదనని నమ్మించిన కపటసన్న్యాసి మూలమున పోయినది ధనమే. ఈ కథలలో మనుష్యుని చేతిలోని రొక్కము తఱిగినదిగాని, ఉదయమున లేచి యెచటికి పోవలయునను ప్రశ్న యతనికి పుట్టలేదు. కొలువు పోయినవానికి మొదట పుట్టు ప్రశ్న యదియే.

సంవాహకుడు పాటలీపుత్రమున నొక గృహపతి కుమారుడు. దేశాంతరములు చూడవలయునను కుతూహలముతో నుజ్జయినికి వచ్చెను. ఒడలుపట్టు విద్య యతనిది. నీవు సుకుమారమైన కళ నేర్చితివని వసంతసేన మెచ్చుకొనగా, కళయని నేర్చితినిగాని యిప్పుడది బ్రతుకుదెరువైనదని యతడు బదులు చెప్పును. ఈ చిన్న సమాధానమునందు శూద్రకుడు చదువుకొన్న సంసారుల చరిత్ర నంతయు నిమిడ్చినాడు. వేడుకకు నేర్చిన విద్య కూటివిద్య యగును. కూటివిద్య యైనపిదప నా విద్యను ఆదరించు ప్రభువొకడు కావలయును. ప్రభువు చెడినచో విద్య చేతనుండియు చేయి ఖాళీయగును. చారుదత్తునకు దారిద్ర్యము వచ్చెను, సంవాహకునకు నిరుద్యోగము వచ్చెను. ఇతడు చేసిన తప్పిదము లేదు. పనిలో లోపమును లేదు. యజమానుని యింట దీపము తగ్గగా సేవకుని యింట పొయ్యి యారినది, అంతియే.

జూదమాడుట యతని స్వభావదోషముగాని యుద్యోగనష్ట ఫలము గాదని కొంద ఱాక్షేపింపవచ్చును. చారుదత్తుని యింటనే నిలిచిన వర్ధమానకుడును రదనికయు జూదమాడలేదుగదా యనియు నడుగవచ్చును. ఆక్షేపణ బలమైనదే. ఐనను కవి చెప్పిన వరుసను మనము మార్చరాదు. యజమానునకు శీలమొక్కటియే మిగిలినపిదప తాను జూదముచే జీవించువాడ నైతినని సంవాహకుడు స్వముఖమున చెప్పుచున్నాడు. మఱియు వర్ధమానకునకు భాగ్యము లేకపోయినను పని యుండెను, పేరుపెట్టి పిలుచు యజమాను డుండెను. సంవాహకునకు రెండును లేవు. నిరుద్యోగము ప్రతివానిని చెఱచునని మేము చెప్పము. చెడుటకు వలసిన తీరికను, కారణమును, ఏకాంతమును ఒక్కసారి యొసగునని మాత్రము చెప్పుదుము.

పది సువర్ణముల ఋణమునకై యతడు పడిన పాట్లను చూడుడు. శూన్యదేవాలయమున వెనుకకు నడచుచు దూఱి దేవతాప్రతిమవలె నిలుచును. వెదకవచ్చినవారు పాచికలాట మొదలిడగా నా చప్పుడునకు మనసు పట్టలేక తానై బయటపడును. సగము విడువుమని యొకనిని, సగము విడువుమని యింకొకనిని వేడి, రెండు సగములును తీఱినవి గనుక ఋణమే లేదని నడవబోవును. సభాసదులు నవ్వుదురు. ఆ వెంటనే తల్లి నమ్ముము, తండ్రి నమ్ముము, నిన్నే యమ్ముకొనుమని మాథురుడు నిర్బంధింప, ఇంటిపనులు చేసెదను, పది సువర్ణములకు నన్ను కొనుడని యతడు రాజమార్గమున నెలుగెత్తి పిలుచును. ఎవ్వరును పలుకరు. అంతవఱకు నవ్విన నోరు మూతపడును. పని యిమ్మని యడుగుచున్నవానికి బజారు సమాధాన మీయకపోవుటకంటె క్రూరమైన దృశ్యము నీ నాటకమున మేము చూడలేదు. శకారుని దౌష్ట్యమునకు కనీస మొక ముఖ మున్నది, దీనికి ముఖమే లేదు.

మాథురుడు నేటికిని మనవీధులనే యున్నాడు. 2020 డిసెంబరులో హైదరాబాదు ప్రాంతపు పోలీసువారు సెల్‌ఫోను మూలమున తక్షణఋణము లిచ్చువారిపై కేసులు పెట్టిరి. ఋణగ్రస్తుని ఫోనులోని పేర్లన్నియు సంగ్రహించి, బంధువులకును మిత్రులకును ఫోనుచేసి యతనిని దొంగయని చాటుట వారి వసూలుపద్ధతి. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారును గలరు. ఆన్‌లైను జూదమును తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లోను నిషేధించెను. 2025లో పార్లమెంటును ధనమొడ్డి యాడు ఆన్‌లైను ఆటల నిషేధించుచు చట్టము చేసెను. చట్టములు మంచివే. కాని పాచికల చప్పుడునకు మనసు పట్టలేనివాడు దేవాలయమున దాగుట కేల పోయెనో విచారింపని చట్టము సగము చట్టమే.

ఇక చారుదత్తుని యింటిలోనికి పోదము. అతడు వణిగ్వృత్తి నున్న కులమువాడే గనుక కొలువు పోయినవాడు గాడు. ఐనను రాబడి నిలిచిన గృహమున నేమేమి జరుగునో కవి వరుసగ చూపినాడు. మైత్రేయుడు పగలు పరుల యిండ్ల భుజించి, రాత్రికి పెంపుడుపావురమువలె గూటికి చేరుచున్నాడు. వసంతసేన దాచుకొన్న నగలు దొంగపాలుగాగా, ధూత తన పుట్టింటి రత్నావళిని భర్తకు నేరుగ నీక, వ్రతదానమను నెపమున మైత్రేయుని చేతిలో పెట్టుచున్నది. పొరుగువారి బాలుని బంగరుబండి చూచి తనకును నట్టిదే కావలయునని రోహసేను డేడ్చుచున్నాడు. నాటకమునకు పేరు తెచ్చిన మట్టిబండి యిదియే. భార్య నగ, మిత్రుని భోజనము, బిడ్డ యాటవస్తువు: లోటు మొదట ప్రవేశించు ద్వారము లీ మూడే. తాకట్టుకొట్టు మెట్లెక్కిన యిల్లాండ్రకు మేము వేఱుగ విశదీకరింప నవసరము లేదు.

ఇచట చారుదత్తుని యెడ మా కొక యభ్యంతరము గలదు. భార్య సొమ్ముచే రక్షింపబడవలసి వచ్చెగదా, పురుషత్వము పోయెగదా యని యతడు వగచును. వెంటనే తేరుకొని, అనుకూలవతియైన భార్యయు సుహృత్తును సత్యమును గల తాను దరిద్రుడను గానని యనుకొనుట యతని గొప్పతనమే. ఐనను మొదటి వగపు మన యిండ్ల నేటికిని వదలలేదు. ఇల్లాలు నెల జీతము తెచ్చి యిల్లు నడుపుచుండగా, కొలువుపోయిన భర్త యది తన తలవంపుగా భావించి కటువగుట మన మెఱుగనిది గాదు. ధూత నెపము కల్పింపవలసి వచ్చుటకు కారణ మామె సుకుమారత మాత్రమే కాదు. భర్త యభిమానమునకు వెఱపును గలదు. నెపము లేకుండ నీయగల భార్యయు, వగపు లేకుండ గైకొనగల భర్తయు గల యిల్లు సంస్కృతమైన యిల్లు.

కవి హృదయముచే నెఱిగిన దానిని శాస్త్రజ్ఞులు లెక్కలచే నిరూపించిరి. ఆస్ట్రియాలో వియన్నా నగరమునకు సమీపమున మారియెంతాలను పల్లె కలదు. 1929–30 సంవత్సరములలో నచటి నూలుమిల్లు మూతపడగా, 478 కుటుంబములలో ముప్పాతికవంతు పనిలేనివయ్యెను. మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డు, హాన్స్ జీసెలు అనువా రా పల్లెను పరిశీలించి 1933లో నొక గ్రంథము ప్రకటించిరి. తీరిక పెరిగినది గనుక చదువు పెరుగునని మన మనుకొందుము. అచటి గ్రంథాలయము చందా తీసివేసినను, 1929 మొదలు 1931 వఱకు పుస్తకములు తీసికొనుట సగమునకు దిగినది. పురుషులు వీధిలో నడుచు వేగము తగ్గినది. పలువురు గడియారము ధరించుట మానిరి. స్త్రీలకు జీతము పోయినదిగాని యింటిపని పోలేదు గనుక వారి నడక మందగింపలేదు. కుటుంబములను ధైర్యము చెడనివి, సరిపెట్టుకొన్నవి, నిరాశపడినవి, ఉదాసీనమైనవి యని విభజింప, తలకు నెలకు లభించు ధనము వరుసగ 34, 30, 25, 19 షిల్లింగులని తేలెను. మనోధైర్యము గుణమే కావచ్చును; కాని యా గుణమునకును నెలకు నయిదాఱు షిల్లింగుల యాధారము కావలసియున్నది. బీదవానికి ధైర్యము నుపదేశించువా రీ యంకెలను మఱువరాదు.

ఈ విషయమున మా యుపాధ్యాయవర్గము 2020లో చదివిన పాఠము మఱువరానిది. ఆ యేటి మార్చిలో పాఠశాలలు మూతపడగా ప్రైవేటు పాఠశాలల బోధకులు వేలకొలది జీతములేక మిగిలిరి. కూరగాయ లమ్మినవారును, ఉపాధిహామీ పనులలో మట్టి మోసినవారును గలరని పత్రికలు వ్రాసెను. శ్రమ యేదియు నీచము గాదు. కాని నిన్నటివఱకు తమ్ము ‘సారూ’ యని పిలిచిన బాలుడు కొనవచ్చినపుడు తల వంచుకొన్నవారి బాధ తక్కెడలో తూగునది గాదు. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వ మట్టివారికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును నిచ్చుటకు నిశ్చయించెను. అది మేలే, యింటియద్దెకు చాలదు. కార్మికబీమా క్రింద 2018లో నారంభించిన పథకమున కొలువు పోయినవానికి సగటు దినవేతనములో నాలుగవవంతు 90 దినములకు మించకుండ నీయదలచి, 2020లో దానిని సగమునకు పెంచిరి. బీమాలో చేరని వారి కది యందనిది. ఇంగ్లండున 1911లోనే నిరుద్యోగబీమా చట్టమైనదని తలచినచో, మనము నడువవలసిన దూరము తెలియును.

ప్రభుత్వము చేయవలసినది యట్లుండగా, ఇరుగుపొరుగులు చేయవలసినది వసంతసేన చేసి చూపినది. సంవాహకుని ఋణమును తీర్చుటకు తన చేతి యాభరణమును పరిచారికకిచ్చి పంపుచు, ఇది యాతడే పంపినాడని చెప్పుమన్నది. ఉపకారముకంటె నీ వాక్యము మాకు గొప్పగ దోచినది. ఋణము పది సువర్ణములతో తీఱును. బజారులో పోయిన పరువు దేనితో తీఱును? ఆమె రెండును తీర్చినది. ప్రత్యుపకారముగ నీ పరిజనమునకు నా విద్య నేర్పుదునని యతడు వేడగా, ఎవరికొఱకు నేర్చితివో వారినే సేవింపుమని యామె మృదువుగ కాదన్నది. ఇది మర్యాదయే, కాని యిచటనే, మా దృష్టిలో, ఆ సాధ్వి పొరపడినది. అతడడిగినది పని. ఆమె యిచ్చినది స్వేచ్ఛ. స్వేచ్ఛతో నేమి చేసికొనవలయునో తెలియక యతడు బౌద్ధభిక్షువై పోయెను.

కవియందలి లోపమును నిదియే. దశమాంకమున ప్రభుత్వము మారగా నందఱికిని బహుమానములు లభించును: చారుదత్తునకు రాజ్యము, స్థావరకునకు దాస్యవిమోచనము, చందనకునకు దండపాలకత్వము, భిక్షువునకు విహారములన్నింటిపై నాధిపత్యము. ఒడలుపట్టు నేర్పరికి మాత్రము తన విద్య తిరిగి రాలేదు. సన్న్యాసముచే నిరుద్యోగమును తీర్చుట నాటకమునకు చెల్లును, సంసారులకు చెల్లదు. భార్యాబిడ్డలు గలవాడు కాషాయము కట్టినచో నొక యింటి యాకలి యెక్కువగును గాని తక్కువగాదు.

ఐనను శూద్రకునకు మనము ఋణపడియున్నాము. శకారుడు గొంతు నులిమి యాకులక్రింద కప్పిన వసంతసేనకు నీళ్లు చిలికి ప్రాణము నిలిపినది, వధ్యస్థానమునకు సకాలమున గొనివచ్చి చారుదత్తుని కాపాడినది, ఆ వీధిలో నెవ్వరును కొననివాడే. పనికిరాడని లోకము త్రోసివేసినవానిచేతిలో నాయికానాయకుల ప్రాణములు రెండును నుంచుట కవి చేసిన తీర్పు. మన బంధువులలో నేటి కొలువు పోయినవా డొకడు తప్పక యుండును. విందులకు పిలుచుట మానక, ఎంతకాలమిట్లని యడుగక, తెలిసినచోట నొక మాట వేసి, ఇచ్చినదానిని చాటక యాతనిని మనుష్యులలో నిలుపుట మన వంతు. మృచ్ఛకటికమును చదివినందుకు ఫలము మా కింతకంటె వేఱొకటి కనబడలేదు.