సార్క్ ప్రాంతీయ సమైక్యత – సామాజిక వెలి: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం (సార్క్) 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలతో ఏర్పడింది. 2007లో అఫ్ఘానిస్థాన్ చేరికతో సభ్యదేశాలు ఎనిమిదయ్యాయి. 2014 నాటి కాఠ్మండూ సమావేశం తరువాత శిఖరాగ్ర సమావేశం జరగలేదు. ఈ స్తబ్ధతకు విశ్లేషకులు సాధారణంగా రెండు అంశాలను ఎత్తిచూపుతారు. ఒకటి భారత్–పాకిస్థాన్ వైరం. రెండవది, సభ్యదేశాల పరస్పర వాణిజ్యం వాటి మొత్తం వాణిజ్యంలో సుమారు 5 శాతం దగ్గరే ఆగిపోవడం. రెండూ వాస్తవాలే. అయితే ఈ రెండు విమర్శలూ సమైక్యతను రాజ్యాల మధ్య సంబంధంగానే చూస్తాయి. ఆ సమైక్యత ఎవరిని సభ్యులుగా లెక్కించింది, ఎవరిని లెక్కకు వెలుపల ఉంచింది అన్న ప్రశ్న వాటిలో కనిపించదు. ఆ ప్రశ్నను ముందుకు తెచ్చి సార్క్ నిర్మాణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వెలి: భావన, పరిధి

సామాజిక బహిష్కరణను పేదరికానికి పర్యాయంగా వాడటం పరిపాటి. తెలుగులోని ‘వెలి’ అనే మాట ఈ రెండింటి మధ్య భేదాన్ని స్పష్టంగా పట్టిస్తుంది. వెలివాడ ఊరి ఆర్థిక జీవనానికి వెలుపల లేదు. పొలంలో, కళ్లంలో, ఊరి చాకిరిలో దాని శ్రమ ఉంది. ఊరి సభ్యత్వంలో మాత్రం దానికి చోటు లేదు. అంటే శ్రమను స్వీకరించి సభ్యత్వాన్ని నిరాకరించడమే వెలి లక్షణం. దేశాల స్థాయిలో ఈ లక్షణం పౌరసత్వ చట్టాల రూపం ధరిస్తుంది.

శ్రీలంక తేయాకు తోటల తమిళ కార్మికులు ఇందుకు ప్రబల నిదర్శనం. ఆ దేశ ఎగుమతి ఆదాయానికి ఆధారమైన ఈ శ్రామికులలో అత్యధికులను 1948 నాటి పౌరసత్వ చట్టం ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. 1964 అక్టోబరులో కుదిరిన సిరిమావో–శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని భారత్‌కు, 3,00,000 మందిని సిలోన్‌కు కేటాయించింది. మిగిలిన 1,50,000 మందిని 1974లో రెండు దేశాలూ సమంగా పంచుకున్నాయి. ఇరుగుపొరుగు దేశాల సామరస్యానికి ఉదాహరణగా నిలిచిన ఈ ఒప్పందంలో మనుషులు సంఖ్యలుగా మారారు. వారి ప్రతినిధుల సమ్మతి దీనికి ప్రాతిపదిక కాలేదు. సమైక్యత, వెలి ఒకే పత్రంలో ఇమిడిపోగలవని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

3. పదవ అధికరణం – భూటాన్ శరణార్థులు

పై ఉదంతం సార్క్‌కు పూర్వపుది. సార్క్ ఏర్పడిన సంవత్సరమే భూటాన్ కొత్త పౌరసత్వ చట్టం చేసింది. 1958 డిసెంబరు 31 నాటికి దేశంలో స్థిరనివాసం ఉన్నట్లు ఆధారాలు చూపాలన్న నిబంధనను 1988 జనగణనలో దక్షిణ ప్రాంతపు నేపాలీ భాషీయులకు, అంటే లోట్‌షాంపాలకు, కఠినంగా వర్తింపజేశారు. 1989లో ఉత్తరాది వేషధారణ, మర్యాదా నియమావళి అందరికీ తప్పనిసరి అయింది. పాఠశాలల నుంచి నేపాలీ బోధన తొలగింది. తరువాతి సంవత్సరాల్లో లక్షమందికి పైగా నిర్వాసితులై తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాలకు చేరారు.

సార్క్ సచివాలయం ఉన్నది నేపాల్ రాజధానిలోనే. అయినా ఈ సమస్య సంఘం చర్చకు రాలేదు. సార్క్ అధికారపత్రంలోని పదవ అధికరణం నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతో జరగాలని, ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలను చర్చల నుంచి మినహాయించాలని నిర్దేశిస్తుంది. భూటాన్ శరణార్థుల సమస్య ఆ రెండు దేశాల ద్వైపాక్షిక విషయంగానే పరిగణన పొందింది. భూటాన్‌కు, నేపాల్‌కు ఉమ్మడి సరిహద్దు లేదు. శరణార్థులు భారత భూభాగం మీదుగానే నేపాల్ చేరారు. కనుక భౌగోళికంగానే మూడు దేశాలకు సంబంధించిన సమస్యను ‘ద్వైపాక్షికం’ అనడం వర్ణన కాదు, వర్జన. చివరకు 2007 తరువాత లక్షమందికి పైగా అమెరికా తదితర దూరదేశాల్లో పునరావాసం పొందారు. పొరుగు సృష్టించిన సమస్యకు పొరుగులో పరిష్కారం దొరకలేదు.

పదవ అధికరణాన్ని సమర్థించే వాదన ఒకటి ఉంది. ఆ మినహాయింపు లేకపోతే పరస్పర అనుమానాలున్న దేశాలు ఒకచోట చేరేవే కావని ఆ వాదన సారం. సంఘం పుట్టుక విషయంలో దీనిని అంగీకరించవచ్చు. కానీ నాలుగు దశాబ్దాల అనంతరం కూడా ఆ మినహాయింపే నియమంగా కొనసాగడాన్ని ఈ వాదన సమర్థించలేదు. సంఘాన్ని నిలబెట్టడానికి ఉద్దేశించిన ఆ నిబంధన శిఖరాగ్ర సమావేశాలను సైతం కాపాడలేకపోయింది.

4. సంచారం ఎవరికి?

1992లో అమలైన సార్క్ వీసా మినహాయింపు పథకం ప్రముఖులు, న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతాధికారులు, వ్యాపారులు, పాత్రికేయులు, క్రీడాకారులు వంటి వర్గాలకు వర్తిస్తుంది. ఉపాధి కోసం సరిహద్దులు దాటే శ్రామికులకు అందులో స్థానం లేదు. 2004లో ఇస్లామాబాద్‌లో ఆమోదం పొందిన సామాజిక అధికారపత్రం పేదరికం, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమాలను ప్రస్తావించినా, అమలును ఆయా దేశాల యంత్రాంగాలకే వదిలింది. వెలి చేసిన రాజ్యమే ఆ వెలిపై తీర్పరి కావడం ఇందులోని మౌలిక లోపం. ఎనిమిది సభ్యదేశాల్లో 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భాగస్వామి అఫ్ఘానిస్థాన్ ఒక్కటే అన్న వాస్తవం ఈ లోపాన్ని మరింత తీవ్రం చేస్తుంది.

ఈ చట్రంలో చిన్న సమూహాలు మరింత అదృశ్యమవుతాయి. శ్రీలంకలో పాములాటలు, సోదె చెప్పడం వృత్తులుగా సంచార జీవనం గడిపిన అహికుంటిక సమూహం ఇంటిభాష తెలుగు. సింహళ, తమిళ ద్వంద్వంగా మాత్రమే ఆ దేశ వైవిధ్యాన్ని చూసే దృష్టికి ఈ సమూహం అందదు.

5. ముగింపు

భిన్న మార్గం అసాధ్యం కాదు. భారత్, బంగ్లాదేశ్ 2015 జులై 31 అర్ధరాత్రి 162 పరివేష్టిత భూభాగాలను మార్చుకున్నప్పుడు, ఏ దేశపు పౌరసత్వం కావాలో ఎంచుకొనే అవకాశం యాభైవేలకు పైగా నివాసులకు లభించింది. 1974లో కుదిరిన ఒప్పందం అమలుకు 41 ఏళ్లు పట్టడం దీని పరిమితి. 1964 ఒప్పందం మనుషులను పంచింది. 2015 అమలు మనుషులను అడిగింది. ప్రాంతీయ సమైక్యతకు గీటురాయి ఈ భేదంలో ఉంది. వాణిజ్య శాతాలు పెరిగినా, శిఖరాగ్ర సమావేశాలు పునఃప్రారంభమైనా, పౌరసత్వం కోల్పోయినవారి గోడు వినే వేదిక ఏర్పడనంతవరకు దక్షిణాసియా సమైక్యత వెలివాడ గల ఊరుగానే మిగులుతుంది.