తిరగరాయడం వేరు, తలవంచడం వేరు

మన దగ్గర ఎడిటర్ అంటే ఇంకా అచ్చుతప్పులు దిద్దే మనిషే. అందుకే ఎవరైనా కథని నిజంగా చదివి, మూడో పేజీ దాకా కథ మొదలే కాలేదనో, తల్లి పాత్ర నిలబడలేదనో రాసి పంపితే రచయితకి రెండే దారులు కనిపిస్తాయి. అలగడం, లేదా అన్నిటికీ సరే అనేసి ఫైలు తిప్పి పంపడం. రెండోది వినయంలా కనిపిస్తుంది గానీ, అదీ బద్ధకమే.

మూడో దారి చూపించిన పుస్తకం 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడయ్యాయి. ఓ పక్కన ఉండిన మధురవాణి నాటకాన్నే నడిపే మనిషైంది. తన రాతని తనే పరాయివాడిలా చదివితే తప్ప జరగని పని అది.

ఇంత మార్చినా ఒకటి మాత్రం ముట్టుకోలేదు: జనం మాట్లాడే భాష. మొదటి కూర్పుకి రాసిన ఇంగ్లీషు ముందుమాటలోనే ఆ ఎంపికని సమర్థించుకున్నాడు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలోనూ వాడుక భాష పక్షానే నిలబడ్డాడు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ కథలు రాసేవాళ్లకి ఈ తేడా బాగా పనికొస్తుంది. వాళ్లలో చాలామందిది నల్లగొండ, సూర్యాపేట బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్‌లో దిగిన భాష. కథలో తల్లి "ఏడికి పోతున్నవ్ బిడ్డా" అంటుంది. మార్జిన్‌లో "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అని దిద్దుబాటు పడుతుంది.

కథ మూడో పేజీలో మొదలవుతోందన్న మాట వేరు, ఇది వేరు. మొదటిది ఒక పాఠకుడి విసుగు. దానితో వాదించి లాభం లేదు, ముందున్న రెండు పేజీలూ తీసేసి చూడాల్సిందే. రెండోది ఎడిటర్ చెవికున్న అలవాటు. దానికి లొంగితే ఆ తల్లి ఊరే మారిపోతుంది.

అట్లాగని ప్రతి దిద్దుబాటునీ 'మా యాస' అని తోసేయడమూ కుదరదు. యాస ఎంత చిక్కగా ఉన్నా, బలహీనమైన సన్నివేశాన్ని అది నిలబెట్టలేదు. పైగా, నొప్పి ఎక్కడుందో ఎడిటర్ చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటారు. మందు మాత్రం రాసినవాళ్లే వెతుక్కోవాలి. 'ఈ సీన్ కొట్టేయండి' అన్నచోట లోపం అంతకుముందు సీన్‌లో ఉండొచ్చు.

కాదనేటప్పుడు ఎందుకో ఒక్క వాక్యంలో రాసి పంపండి. గురజాడ అందుకోసం ముందుమాటే రాశాడు. ఆ ఒక్క వాక్యం ఎంతకీ కుదరకపోతే, బహుశా ఎడిటర్ చెప్పిందే నిజం.