బాడీ కొనేముందు మౌంటు చూడండి

గగన్‌పహాడ్ కొండరాళ్ల దగ్గర మిట్టమధ్యాహ్నం ఫోటో తీయడం ఏ కెమెరాకైనా పరీక్షే. గ్రానైటు మీద ఎండ కళ్లు చెదరగొడుతుంది, రాళ్ల సందుల్లో చిమ్మచీకటి. నెగటివ్ ఫిల్ము కాస్త ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది కాబట్టి దానికి నీడను కొలిచి తీయాలి. డిజిటల్ సెన్సారులో పూర్తిగా తెల్లబడిన చోట వివరం ఇక తిరిగిరాదు. అందుకని ఎండపడ్డ రాయినే కొలవాలి, నీడల్ని తరవాత కంప్యూటర్లో పైకి తెచ్చుకోవచ్చు. ఫిల్ము నుంచి డిజిటల్‌కు మారేవాళ్ల చేతికి పట్టాల్సిన కొత్త అలవాటు ఇదైతే, బాడీ ఎంపిక మాత్రం లెన్సుల దగ్గరే మొదలవ్వాలి.

షాపులో మెగాపిక్సెళ్ల లెక్క చెబుతారు. నేనైతే బీరువాలో ఏ లెన్సులున్నాయని అడుగుతాను. ఎఫ్‌డీ లెన్సులు వాడిన కెనాన్ వాళ్ల సంగతే చూడండి. 1987లో ఆ కంపెనీ ఈఎఫ్ మౌంటుకు మారింది. ఎఫ్‌డీ లెన్సు ఫిల్ముకు 42 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, ఈఎఫ్ బాడీలో ఆ దూరం 44. మధ్యలో మామూలు అడాప్టరు పెడితే ఇంకా పెరుగుతుంది, దూరపు కొండకు ఫోకస్ కుదరదు. సోనీ ‘ఈ’ (E) మౌంటు మిర్రర్‌లెస్‌లో ఆ దూరం 18 మాత్రమే. అడాప్టరుకు బోలెడు చోటుంది.

1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటు డీఎస్‌ఎల్‌ఆర్‌ల దాకా కొనసాగింది. కానీ లెన్సు బిగిసినంత మాత్రాన పని అయిపోదు. నికాన్ డీ750 మౌంటు అంచున వేలిగోరంత చిన్న మీట ఉంటుంది. 1977 నుంచి వచ్చిన ఏఐ రకం లెన్సు రింగు తిప్పితే ఆ మీట కదిలి, అపర్చర్ ఎంతో బాడీకి చెబుతుంది. మెనూలో ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపర్చర్ ఒక్కసారి నమోదు చేస్తే మీటరు చక్కగా పనిచేస్తుంది. డీ5600కు ఈ మీట లేదు, పాత లెన్సు పెడితే మీటరు పలకదు. మార్పు చేయని ఏఐ ముందరి లెన్సును మాత్రం డీ750కి బిగించకండి, మీట విరగొచ్చు. ఇంకో మాట: డీ750 సెన్సారు ఫిల్ము ఫ్రేమంతే ఉంటుంది, 50 లెన్సు 50లాగే చూస్తుంది. చిన్న సెన్సారున్న డీ7200 మీద అదే లెన్సు 75లా ఇరుకుగా చూస్తుంది. పాత చూపు పోకూడదనుకుంటే ఫుల్‌ఫ్రేమే నా సలహా.

డిజిటల్ నుంచి ఫిల్ముకు వచ్చే కుర్రాళ్లు అందరూ నికాన్ ఎఫ్‌ఎం2 అంటారు. బ్యాటరీ లేకున్నా షట్టరు కొట్టే గట్టి యంత్రం అది. అయితే తరవాత వచ్చిన జీ రకం లెన్సులకు అపర్చర్ రింగు ఉండదు, ఎఫ్‌ఎం2 మీద అవి అన్నిటికన్నా చిన్న రంధ్రం దగ్గరే ఆగిపోతాయి. ఆ లెన్సులు చేతిలో ఉన్నవాళ్లకు ఎఫ్80 గానీ ఎఫ్100 గానీ మేలు, అపర్చర్ బాడీ నుంచే మార్చొచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, తెర మీద చూసుకునే వీలు లేనప్పుడే వెలుగును చదవడం వస్తుంది. ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన హైదరాబాద్ అంతా ఆ చదువు నుంచి వచ్చిందే.

గగన్‌పహాడ్ పక్కనే శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు రీళ్లను చెక్‌ఇన్ బ్యాగులో వేయకండి, అక్కడి ఎక్స్‌రేకు ఫిల్ము మసకబారుతుంది. విడిగా పారదర్శకమైన కవర్లో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని భద్రతా సిబ్బందిని మర్యాదగా అడగండి.